వీలునామాతో ఇల్లు, పొలం ఇవ్వడమంటే చట్టం దృష్టిలో ఏమిటి?

సంక్షిప్తంగా: వీలునామా ఆస్తిని బదిలీ చేసే దస్తావేజు కాదు. రాసిన వ్యక్తి మరణించిన క్షణం నుంచి మాత్రమే పనిచేసే ప్రకటన అది. ఆయన జీవించి ఉన్నంతకాలం అందులో పేరున్న వారికి ఆ ఇంటిపైన గానీ పొలంపైన గానీ ఏ హక్కూ ఉండదు. రిజిస్ట్రేషన్ ఐచ్ఛికం, ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పనిసరి. తనది కాని వాటాను వీలునామా ద్వారా ఎవరూ ఇవ్వలేరు.

మరణం వరకు అది కాగితమే

తండ్రి పేరున ఉన్న ఇంటిని కొడుకు అమ్మజూపడం, ‘నాన్నగారు నా పేర వీలునామా రాశారు, రిజిస్టరు కూడా చేయించారు’ అని కాగితం చూపించడం, కొనేవారు దాన్ని నమ్మి బయానా ఇచ్చేయడం తెలుగు రాష్ట్రాల్లో కొత్త విషయం కాదు. ఆ తండ్రి జీవించి ఉంటే ఆ కాగితాన్ని బట్టి కొడుకు అమ్మగలిగింది ఏమీ లేదు. ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 6వ సెక్షన్ ఈ మాట సూటిగానే చెబుతుంది: బంధువు మరణిస్తే వీలునామా వల్ల తనకు ఏదో వస్తుందన్న ఆశను అమ్మడానికి, బదిలీ చేయడానికి వీల్లేదు. రాబోయే ఆస్తి చట్టానికి ఆశ మాత్రమే, హక్కు కాదు.

భారత వారసత్వ చట్టం, 1925 వీలునామాను నిర్వచించిన తీరు కూడా ఇలాగే ఉంటుంది. తన ఆస్తి విషయంలో తన మరణానంతరం ఏది అమలు కావాలని ఒక వ్యక్తి కోరుకుంటున్నాడో తెలిపే చట్టబద్ధమైన ప్రకటనే వీలునామా. ‘కోరుకుంటున్నాడు’ అన్న మాటలోనే దాని స్వభావమంతా ఉంది. కోరిక మారవచ్చు. అందుకే రాసిన వ్యక్తి స్వస్థచిత్తంతో ఉన్నంతవరకు వీలునామాను ఎన్నిసార్లయినా మార్చవచ్చు, రద్దు చేయవచ్చు, చించివేయవచ్చు. ఆ ఇంటిని మరొకరికి అమ్మేయవచ్చు కూడా. అందుకు లబ్ధిదారు అనుమతి అక్కర్లేదు, కనీసం చెప్పాల్సిన పని కూడా లేదు.

గిఫ్ట్ దస్తావేజుతో పోల్చి చూస్తే తేడా స్పష్టమవుతుంది. స్థిరాస్తిని దానంగా ఇస్తే దస్తావేజును రిజిస్టరు చేయించి తీరాలి, స్టాంపు సుంకం కట్టాలి. తీసుకునే వ్యక్తి అంగీకరించిన తరువాత హక్కు అప్పుడే మారిపోతుంది, మనసు మారిందని వెనక్కి తీసుకోవడం సాధారణంగా కుదరదు. వీలునామాకు స్టాంపు సుంకం లేదు, రిజిస్ట్రేషన్ బలవంతం లేదు, వెనక్కి తీసుకునే స్వేచ్ఛ చివరి శ్వాస వరకు ఉంటుంది. ముసలితనంలో ఇల్లంతా ఒక బిడ్డ పేర గిఫ్ట్ రాసి, ఆ తరువాత అదే ఇంట్లో దిక్కులేనివారైన తల్లిదండ్రుల వెతలు విన్నప్పుడు ఈ తేడా ఎంత పెద్దదో అర్థమవుతుంది. వీలునామా రాసిన వారు ఆఖరి రోజు వరకు ఇంటి యజమానులుగానే ఉంటారు.

మాట ఎక్కడిది, పద్ధతి ఎక్కడిది

వీలునామా అన్న మాటలో సగం ఇంగ్లీషు, సగం పారశీకం. పద్ధతి కూడా అలా బయటి నుంచి వచ్చిందే. ప్రాచీన ధర్మశాస్త్రాల్లో దానం ఉంది, దత్తత ఉంది, విభాగం ఉంది. మరణానంతరం అమలయ్యే ఏకపక్ష శాసనానికి మాత్రం స్థానం లేదు. ఆంగ్లేయుల కోర్టులతో అది ఇక్కడ పాతుకుంది. ఇంగ్లండులోనూ భూమిని వీలునామాతో ఇచ్చే అధికారం 1540 నాటి శాసనంతో గానీ విస్తృతంగా రాలేదు. భూమి ఇవ్వడానికి ఒక పదం, నగానట్రా ఇవ్వడానికి మరో పదం వాడే అలవాటు ఆ దేశ చరిత్ర నుంచి వచ్చింది. భారత చట్టంలో ఆ విభజన లేదు, ఇంటికైనా బంగారానికైనా ఒకే నియమావళి. హిందువుల వీలునామాలపై 1870లో ఒక చట్టం వచ్చినా అది కొన్ని ప్రాంతాలకే పరిమితమైంది. 1927 జనవరి 1 నుంచి రాసే వీలునామాలన్నీ లిఖితపూర్వకంగా, సాక్షుల సంతకాలతో ఉండాలన్న నియమం ఆ తరువాతే హిందువులందరికీ వర్తించింది.

తనది ఎంతో అంతే

కోర్టుల్లో వీలునామా తగాదాలు ఎక్కువగా రాజుకునేది ఇక్కడే. ‘నా ఆస్తి’ అని రాసినంత మాత్రాన అదంతా రాసిన వ్యక్తిది అయిపోదు.

స్వార్జితమైతే చిక్కు లేదు. సొంత సంపాదనతో కొన్న ఇంటిని పిల్లలందరినీ కాదని మేనకోడలికి రాసినా, గుడికి రాసినా చెల్లుతుంది. హిందువులకు ఈ విషయంలో పరిమితి లేదు. పిల్లలకు ఇంత వాటా తప్పనిసరిగా విడిచిపెట్టాలన్న నిబంధన మన దేశంలో హిందువులకు లేదు. ముస్లింలకు మాత్రం వారి ధర్మశాస్త్రం ప్రకారం అప్పులు, అంత్యక్రియల ఖర్చులు పోగా మిగిలిన దానిలో మూడో వంతు వరకే వీలునామా ద్వారా ఇవ్వవచ్చు. అంతకు మించాలంటే వారసుల సమ్మతి కావాలి.

ఉమ్మడి కుటుంబ ఆస్తి దగ్గర లెక్క మారుతుంది. హిందూ వారసత్వ చట్టం, 1956లోని 30వ సెక్షన్ ప్రకారం ఉమ్మడి ఆస్తిలో తన అవిభక్త వాటాను వీలునామా ద్వారా ఇవ్వవచ్చు. కానీ వాటా మేరకే. తండ్రి, ఒక కొడుకు, ఒక కూతురు హక్కుదారులుగా ఉన్న కుటుంబానికి పిత్రార్జితంగా 6 ఎకరాలు ఉన్నాయనుకుందాం. తండ్రి వంతుకు వచ్చేది 2 ఎకరాలు. ఆయన 6 ఎకరాలూ కొడుక్కే అని రాసినా వీలునామా 2 ఎకరాల మేరకే పనిచేస్తుంది. కూతురి 2 ఎకరాలు ఆమెవే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అవివాహిత కుమార్తెలకు ఈ హక్కు 1985 సెప్టెంబరు 5 నుంచే ఉంది. 2005 నాటి కేంద్ర సవరణ దాన్ని దేశమంతటా, పెళ్లితో నిమిత్తం లేకుండా అందరు కుమార్తెలకూ విస్తరించింది. 2005 నాటికి తండ్రి జీవించి ఉండనవసరం లేదని, ఆ హక్కు పుట్టుకతో వచ్చేదని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కూతుళ్లను పక్కన పెట్టడానికి పిత్రార్జితం మొత్తానికి వీలునామా రాయించే అలవాటు ఇప్పటికీ కనిపిస్తుంది. చట్టం ముందు అలాంటి కాగితం మూడింట రెండు వంతులు వృథా.

దీనికి ఎదురుగా ఇంకో అపోహ ఉంది: తాత నుంచి వచ్చినదల్లా పిత్రార్జితమే, తండ్రి దానికి వీలునామా రాయలేడు అని. 1956 తరువాత తాత తన స్వార్జితానికి వీలునామా రాయకుండా మరణిస్తే, హిందూ వారసత్వ చట్టంలోని 8వ సెక్షన్ ప్రకారం కొడుక్కి వచ్చిన వాటా ఆ కొడుకు సొంత ఆస్తే అవుతుందని సుప్రీంకోర్టు 1986లో చంద్రసేన్ కేసులో చెప్పింది. ఇక తాత వీలునామా ద్వారానే ఇచ్చి ఉంటే? 1953లో అరుణాచల ముదలియార్ కేసులో వచ్చిన సమాధానం ఇప్పటికీ ఆధారం: ఇచ్చిన వ్యక్తి ఉద్దేశమే కీలకం. కొడుక్కి వ్యక్తిగతంగా ఇచ్చారా, అతని కుటుంబ శాఖకంతటికీ ఇచ్చారా అన్నది వీలునామాలోని మాటలను బట్టి తేలుతుంది. అందుకే రెండు తరాల కిందటి వీలునామాలో ఒక్క పదం నేటి మనవళ్ల హక్కును నిర్ణయిస్తుంది.

ఒక వాక్యంలో రెండు హక్కులు

తెలుగు నాట రాసే వీలునామాల్లో తరచుగా కనిపించే వాక్యం ఇలా ఉంటుంది: ‘నా తదనంతరం నా భార్య సదరు ఇంటిని తన జీవితకాలం అనుభవించి, ఆమె తదనంతరం నా కుమారుడికి దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో చెందవలెను.’

చూడటానికి ఒకటే వాక్యం. అందులో రెండు వేర్వేరు హక్కులు ఉన్నాయి. భార్యకు దక్కేది జీవితకాలపు అనుభవం: ఆ ఇంట్లో ఉండవచ్చు, అద్దె తీసుకోవచ్చు, అమ్మలేరు. కొడుక్కి దక్కేది మిగిలిన సంపూర్ణ హక్కు, అయితే చేతికి వచ్చేది తల్లి తరువాతే. ‘దాన వినిమయ విక్రయాది’ అన్న పాత మాట అలంకారం కోసం పెట్టింది కాదు. ఇవ్వడానికి, మార్చుకోవడానికి, అమ్మడానికి అధికారం ఎవరికి ఉందో చూపే గుర్తు అది. అది ఎవరి పేరు పక్కన పడితే వారే నిజమైన యజమాని.

చిక్కు వచ్చేది లేఖరి అలవాటు కొద్దీ ఆ మాటను రెండుసార్లు రాసినప్పుడు. భార్యకు సర్వహక్కులూ ఇచ్చి, కింది పేరాలో ‘ఆమె తదనంతరం కుమారుడికి’ అంటే ఎవరికి ఏం దక్కినట్టు? ఒకదానితో ఒకటి పొసగని రెండు నిబంధనలుంటే చివరిదే నిలుస్తుందని భారత వారసత్వ చట్టంలోని 88వ సెక్షన్ చెబుతుంది. ఒకసారి సంపూర్ణ హక్కు ఇచ్చేశాక, దాన్ని తగ్గించే తరువాతి మాట చెల్లదని సుప్రీంకోర్టు 2002లో మౌలేశ్వర్ మణి కేసులో చెప్పింది. ఏ దారి వర్తిస్తుందో వీలునామా మొత్తం చదివి కోర్టు తేల్చాలి, అందుకు ఏళ్లు పడుతుంది. జీవితకాలపు హక్కు ఉద్దేశమైతే ‘అమ్మే హక్కు లేదు’ అని విడిగా రాయడం వల్ల ఆ ఏళ్లు మిగులుతాయి.

దీనిపై మరో పొర ఉంది. హిందూ స్త్రీకి వచ్చిన ఆస్తి ఆమె సంపూర్ణ ఆస్తి అని 1956 చట్టంలోని 14(1) అంటుంది. వీలునామా వంటి పత్రం ద్వారా పరిమిత హక్కే ఇస్తే అది పరిమితంగానే ఉంటుందని 14(2) అంటుంది. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన తులసమ్మ కేసులో 1977లో సుప్రీంకోర్టు, అప్పటికే ఉన్న మనోవర్తి హక్కుకు బదులుగా ఇచ్చిన ఆస్తి అయితే పత్రంలో ఆంక్ష ఉన్నా ఆమెకు సంపూర్ణ హక్కే వస్తుందని తీర్పు చెప్పింది. అది రాజీ ఒప్పందానికి సంబంధించిన వివాదం. వీలునామాలో జీవితకాలపు హక్కు మాత్రమే పొందిన భార్యకు ఇది ఎంతవరకు వర్తిస్తుందన్న దానిపై తరువాతి తీర్పులు రెండు దారుల్లో నడిచాయి. ఆ వైరుధ్యాన్ని తేల్చాలని 2024 డిసెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం విస్తృత ధర్మాసనానికి నివేదించింది.

ఇద్దరు సాక్షులు అంటే ఎవరు

భారత వారసత్వ చట్టంలోని 63వ సెక్షన్ కోరేది కొద్దే. రాసిన వ్యక్తి సంతకం లేదా వేలిముద్ర ఉండాలి. కనీసం ఇద్దరు సాక్షులు ఆ సంతకాన్ని కళ్లారా చూసి ఉండాలి, లేదా ‘ఇది నా సంతకమే’ అని ఆయన నోట విని ఉండాలి. వారిద్దరూ ఆయన సమక్షంలో సంతకం చేయాలి. ఇద్దరూ ఒకే సమయంలో అక్కడ ఉండనవసరం లేదు. సాక్షులు వీలునామా చదవాల్సిన పని కూడా లేదు.

పొరపాటు జరిగే చోటు కాగితం అడుగున ఉంటుంది. ఎడమవైపు ‘సాక్షులు’ అన్న చోట ఒక్క సంతకమే ఉండి, కింద ‘దస్తావేజు లేఖరి’ అని మరో సంతకం ఉన్న వీలునామాలు కోర్టులకు వస్తుంటాయి. లేఖరి సంతకాన్ని రెండో సాక్షిగా లెక్కించవచ్చు కదా అన్నది వాదన. లేఖరి సంతకం చేసింది రాసిన వాడిగా, సాక్ష్యం చెప్పే ఉద్దేశంతో కాదు కాబట్టి అది లెక్కలోకి రాదని సుప్రీంకోర్టు 2001లో ఎన్. కమలం కేసులో చెప్పింది. సబ్‌రిజిస్ట్రారు ఎదుట గుర్తింపు కోసం సంతకం చేసేవారు కూడా వారంతట వారే సాక్షులైపోరు. ఒక్క సంతకం తక్కువైతే ఇల్లంతా వారసత్వ క్రమంలోకి వెళ్లిపోతుంది, రాసిన వ్యక్తి ఎంత స్పష్టంగా కోరుకున్నా సరే.

లబ్ధిదారే సాక్షిగా సంతకం చేస్తే? క్రైస్తవుల వంటి వారికి వర్తించే 67వ సెక్షన్ ప్రకారం, సాక్షికి గానీ సాక్షి భార్యకు లేదా భర్తకు గానీ ఇచ్చిన ఆస్తి విషయంలో వీలునామా చెల్లదు. హిందువులకు ఆ సెక్షన్ వర్తించదు. అయినా అలాంటి సంతకం అనుమానానికి తావిస్తుంది. క్రైస్తవులకు పెళ్లితో పాత వీలునామా రద్దవుతుంది, హిందువులకు కాదు.

రిజిస్ట్రేషన్ ఏమిస్తుంది, ఏమివ్వదు

రిజిస్ట్రేషన్ చట్టం, 1908లో వీలునామా ఐచ్ఛిక పత్రాల జాబితాలో ఉంది. స్థిరాస్తి విలువ ఎంతైనా సరే. తెల్ల కాగితం మీద చేతిరాతతో రాసినా 63వ సెక్షన్ షరతులు తీరితే చెల్లుతుంది. రిజిస్టరు చేసిన వీలునామాను ఆ తరువాత రాసిన రిజిస్టరు కాని వీలునామా రద్దు చేయగలదు. వీలునామాకు గడువు కూడా లేదు, రాసిన వ్యక్తి మరణించాక లబ్ధిదారు తీసుకెళ్లినా విచారణ జరిపి రిజిస్టరు చేస్తారు. సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు దగ్గర భద్రపరిచే ఏర్పాటూ ఉంది. చాలామందికి తెలియని మంచి వెసులుబాటు ఇది.

రిజిస్ట్రేషన్ వల్ల కాగితం పోయినా నకలు దొరుకుతుంది, తేదీ మార్చారన్న ఆరోపణ నిలవదు. కానీ ఒక సంగతి కొనుగోలుదారులు గుర్తుంచుకోవాలి. అమ్మకం, తనఖా, గిఫ్ట్ వంటి స్థిరాస్తి దస్తావేజులు ఒకటో నంబరు పుస్తకంలో నమోదవుతాయి, ఈసీ (ఆస్తిపై జరిగిన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) తీసేది అందులోంచే. వీలునామాలు ఎక్కేది మూడో నంబరు పుస్తకంలో. కాబట్టి ఈసీ శుభ్రంగా ఉన్నా, ఆ ఇంటిపై రిజిస్టరైన వీలునామా ఉండవచ్చు. రాసిన వ్యక్తి బతికి ఉండగా ఆయనకు, ఆయన అధికారమిచ్చిన వారికి తప్ప దాని నకలు ఎవరికీ ఇవ్వరు. మరణం తరువాత అడిగితే ఇస్తారు. మరణించిన వ్యక్తి ఆస్తిని వారసుల నుంచి కొంటున్నవారు ఈసీతో ఆగకుండా వీలునామాల సూచికను కూడా వెతికించడం అందుకే అవసరం.

రిజిస్టరు చేసినంత మాత్రాన వీలునామా రుజువైనట్టు కాదు. వివాదం వస్తే బతికున్న సాక్షుల్లో కనీసం ఒకరు కోర్టుకు వచ్చి సంతకం ఎలా జరిగిందో చెప్పాల్సిందే. అనుమానాస్పద పరిస్థితులుంటే వాటిని తొలగించే భారం వీలునామాను చూపిస్తున్న వారిపైనే ఉంటుందని 1958లో వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు స్థిరపరిచింది. వణికిన సంతకం, తీవ్ర అనారోగ్యం, అత్యధిక లాభం పొందేవారే దగ్గరుండి రాయించడం, సొంత పిల్లలను కారణం చెప్పకుండా వదిలేయడం అలాంటివి. ఒక బిడ్డకు ఇవ్వకపోవడం తప్పు కాదు. ఎందుకు ఇవ్వలేదో ఒక్క వాక్యం రాస్తే ఆ అనుమానానికి చోటుండదు.

జీపీఏతో (తన తరఫున వ్యవహరించే అధికారమిచ్చే పత్రంతో) పాటు వీలునామా రాయించుకుని స్థలం ‘కొన్న’ వారి పరిస్థితి మరీ ప్రమాదకరం. రిజిస్ట్రేషన్ ఖర్చు తప్పించుకోవడానికి ఏళ్ల తరబడి సాగిన ఈ పద్ధతితో యాజమాన్యం బదిలీ కాదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. డబ్బు తీసుకున్న అమ్మకందారు మర్నాడే ఇంకో వీలునామా రాయవచ్చు, ఆయన మరణిస్తే జీపీఏ కూడా సాధారణంగా ఆయనతోనే పోతుంది.

మరణం తరువాత

వీలునామాలో రాసిన ఇల్లు మరణించే నాటికి ఆయన పేర ఉండాలి. మధ్యలో అమ్మి ఆ డబ్బు బ్యాంకులో వేసి ఉంటే, ఇల్లు రాయించుకున్న వ్యక్తి ఆ డబ్బు అడగలేరు. ఇంటి మీద తనఖా అప్పు ఉంటే ఇంటితో పాటు అప్పూ లబ్ధిదారుకే వస్తుంది. లబ్ధిదారు ముందే మరణిస్తే ఆ ఏర్పాటు సాధారణంగా రద్దవుతుంది. రాసిన వ్యక్తి సొంత బిడ్డే లబ్ధిదారై, తన సంతానాన్ని విడిచి వెళితే మాత్రం రద్దు కాదు. పన్నుల విషయంలో భయం అక్కర్లేదు. ఎస్టేట్ సుంకాన్ని 1985లోనే ఎత్తివేశారు. వీలునామాతో వచ్చిన ఇంటిపై పొందినప్పుడు ఆదాయ పన్ను పడదు. తరువాత అమ్మితే లాభాన్ని లెక్కించేది పాత యజమాని కొన్న ధర ఆధారంగా.

చెన్నై, ముంబై, కోల్‌కతా నగరాల పరిధిలోని హిందువుల వీలునామాలకు ప్రొబేట్ అనే కోర్టు ధ్రువీకరణ చాలాకాలం తప్పనిసరిగా ఉండేది. తెలుగు రాష్ట్రాల్లోని ఆస్తికి ఇక్కడే రాసిన హిందువుల వీలునామాలకు ఆ నిబంధన లేదు. మరణ ధ్రువపత్రం, వీలునామా తీసుకుని పొలమైతే తహసీల్దారు కార్యాలయంలో, ఇల్లైతే మున్సిపాలిటీలో లేదా పంచాయతీలో పేరు మార్పుకు దరఖాస్తు చేయవచ్చు. మిగతా వారసులు అభ్యంతరం చెప్పకపోతే పని సాఫీగానే సాగుతుంది.

అభ్యంతరం చెబితే, వీలునామా నిజమైనదా కాదా అన్నది రెవెన్యూ అధికారి తేల్చే విషయం కాదు. సివిల్ కోర్టులో హక్కు నిరూపించుకుని, ఆ తీర్పు ఆధారంగా పేరు మార్పించుకోవాలని సుప్రీంకోర్టు 2021లో స్పష్టం చేసింది. మ్యుటేషన్, అంటే రికార్డుల్లో పేరు మార్పు, శిస్తు ఎవరు కట్టాలో చెబుతుంది, యజమాని ఎవరో చెప్పదు. పాసుపుస్తకంలో అన్న పేరు ఎక్కినా, చెల్లుబాటయ్యే వీలునామా చెల్లెలి పేర ఉంటే కోర్టులో గెలిచేది చెల్లెలే. అన్న పేరు ముందే ఎక్కిందన్నది ఆమె హక్కుకు అడ్డు రాదు. ఆ కేసులో ఆమెకు అన్నింటికంటే ముందు కావలసింది, సంతకం చేసిన ఇద్దరిలో ఇంకా జీవించి ఉన్న ఒక సాక్షి.